పెట్టె లేని పళ్ళెం

సిడ్నీ,
14 మార్చి 1999

సుందరక్కకి,

నమస్కారాలు. క్షేమంగా చేరాను. టూవూంబా నుంచి బస్సులో బ్రిస్బేన్, అక్కణ్ణుంచి విమానం. దారి పొడవునా పళ్ళెం నా ఒళ్లోనే ఉంది. నీ మరదలు గీతిక చూసి, దీన్ని పెట్టడానికి మన ఫ్లాట్‌లో గోడ ఎక్కడుందని నవ్వింది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్‌లో నువ్వు "ఆఁ, ఊఁ" తప్ప మాట్లాడవు, పక్కన బావగారుంటే అదీ ఉండదు. అందుకే అమ్మ నేర్పిన అలవాటు పట్టుకుని ఉత్తరం రాస్తున్నాను.

ఒక సంగతి అడుగుతాను, కోప్పడకు. అమ్మ పోయిన దగ్గర్నుంచి మూడేళ్లుగా మోరితా పళ్ళెం నీ దగ్గరే ఉంది. నేను "ఒకసారి చూపించవే" అన్నానో లేదో, పాత చీరలో చుట్టి "తీసుకుపో, నాకొద్దు" అన్నావు. అమ్మ ఇత్తడి రోలు ఇమ్మంటే రెండేళ్లు ఆలోచించిన మనిషివి నువ్వు. ఇదెందుకింత తేలిగ్గా ఇచ్చేశావు?

ఇంటికొచ్చి తిరగేస్తే అడుగున ఐదు చిన్న మచ్చలు కనిపించాయి. నడుమ ఒకటి, చుట్టూ నాలుగు, వేలికి గరుకుగా తగులుతున్నాయి. విరిగితే ఎవరో అతికించినట్టున్నాయి. నిజం చెప్పు, బావగారి చేతిలోంచి జారిందా?

ఇక్కడ పాత జపాన్ సామాను అమ్మే షాపు ఒకటుంది. అమ్మడానికి కాదు, తెలుసుకుందామని పట్టుకెళ్లాను. నాన్నగారికి ఓడల మీద వచ్చే మోరితా అనే జపాన్ ఆయన ఇచ్చాడన్నది తప్ప నాకు దీని గురించి ఏమీ తెలియదు కదా. షాపు ముసలాయన పళ్ళెం వంక చూడకుండానే "పెట్టె ఏది?" అన్నాడు. వాళ్ల దేశంలో మంచి పింగాణీకి దాని చెక్కపెట్టె దానికుంటుందట. చేసినవాడు మూత మీద తన చేత్తో రాసి ఇస్తాడట. "పెట్టె లేకపోతే ఇది ఎవరు చేశారో, ఎవరి కోసం చేశారో నేను చెప్పలేను" అన్నాడు. పెట్టె ఏదక్కా?

నా ఉద్యోగం అడిగావు కదా. బ్యాంకు ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసి పెట్టారు. 2000 వస్తే కంప్యూటరు దాన్ని 1900 అనుకుంటుంది. అలాంటివన్నీ వెతికి దిద్దడమే నా పని.

నీ తమ్ముడు,
చంద్రం


టూవూంబా,
28 మార్చి 1999

చిరంజీవి చంద్రానికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ఇచ్చినందుకు కూడా అనుమానించే తమ్ముణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. ఇవ్వకపోతే ఏమనేవాడివో!

ఆ మచ్చలు నేను దాన్ని మొదట చూసినప్పటి నుంచీ ఉన్నాయి. మీ బావగారు ఆ పళ్ళేన్ని ముట్టుకోనైనా లేదు. ఆయనకి ఆస్పత్రీ, టీవీలో క్రికెట్టూ తప్ప ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో తెలియదు. పెట్టె గిట్టె ఏదీ లేదు. ఉంటే దాంతోనే ఇచ్చేదాన్ని కదా.

ఒక్కమాట విను. దాన్ని షాపులకి తిప్పకు. మనవాళ్లెవరైనా ఇంటికొస్తే చూపించకు. బీరువాలో బట్టల కింద పెట్టు. ఎందుకని అడక్కు.

ఇక్కడ పొద్దున్నే చలి మొదలైంది. పెరట్లో ఎర్రమట్టి చూస్తే విశాఖలో అమ్మ ఆరేసిన బట్టల మీద పడే ఖనిజం దుమ్ము గుర్తొస్తుంది. హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్తే నా పేరున అర్చన చేయించు.

శ్యామసుందరి


సిడ్నీ,
25 ఏప్రిల్ 1999

సుందరక్కా,

మచ్చల విషయంలో తప్పు నాదే. బావగారికి క్షమాపణలు, ఆయనకి తెలియకపోయినా సరే. లైబ్రరీలో పుస్తకం తెచ్చుకుని చదివాను. పెద్ద పళ్ళెం కొలిమిలో మెత్తబడి నడుమ కుంగిపోకుండా, అడుగున చిన్న మట్టిమొలకలు నిలబెట్టి కాలుస్తారట. కాలాక వాటిని తట్టి తీసేస్తే ఆ గుర్తులు మిగులుతాయి. నేను అతుకు అనుకున్నది పనితనమన్నమాట.

నీకు తెలుసా, దీన్ని లోకమంతా ఇమారి అంటుంది గానీ ఇమారిలో చేసింది కాదు. చేసే ఊరు కొండల్లో అరితా. నాలుగువందల ఏళ్ల కిందట కొరియా నుంచి పట్టుకొచ్చిన కుమ్మరులు అక్కడ తెల్లరాయి కనిపెట్టారట. ఆ రాయిని దంచి పింగాణీ చేశారు. సరుకు ఓడెక్కే రేవు ఇమారి, అందుకని ఆ పేరే నిలబడింది. కొండల్లో తవ్విన మన బైలడిల్లా ఖనిజాన్ని విశాఖ సరుకు అన్నట్టే కదా!

మొదట్లో నీలం ఒక్కటే వేసేవారు. తరవాత ఎరుపు, ఆకుపచ్చ, బంగారం వచ్చాయి. ఒక్కో రంగుకి ఒక్కో వేడి కావాలి కాబట్టి ఒకే పళ్ళెం మూడు నాలుగు సార్లు కొలిమిలోకెళ్తుంది. గీత గీసే చెయ్యి వేరు, ఆ గీతలో రంగు నింపే చెయ్యి వేరు. నింపేది ఎక్కువగా ఆడవాళ్లేనట. ఎరుపు వేసే ఇళ్లన్నీ ఒకే వీధిలో ఉండేవి, ఆ రంగు కలిపే పద్ధతి బయటివాళ్లకి చెప్పేవారు కాదు.

మన ఇంట్లోనూ ఏదో చెప్పకుండా దాచారని నాకనిపిస్తోంది. పాత ఆల్బమ్ తీశాను. 1970 వేసవిలో నా అక్షరాభ్యాసం ఫోటో ఉంది. నాన్నగారు నా వేలు పట్టుకుని బియ్యంలో "ఓం" రాయిస్తున్నారు. ఆ బియ్యం పోసింది ఈ పళ్ళెంలోనే. నాన్నగారి మోచేతి వెనక, ఫోటో అంచున, చదరంగా తెల్లటి చెక్కపెట్టె సగం కనిపిస్తోంది. పళ్ళేనికి సరిపోయే కొలత. పుస్తకంలో పెట్టెలు అచ్చం అలాగే ఉన్నాయి.

నువ్వేమో పెట్టె లేదన్నావు. ఫోటో అబద్ధమాడదు కదా. అందులోనూ "ఎవరికీ చూపించకు, ఎందుకని అడక్కు" అన్నావు. ఏం జరిగింది? ఎవరికైనా అమ్మేశారా?

చంద్రం


టూవూంబా,
9 మే 1999

చంద్రానికి,

ఈసారి దీవెనలు రాయడానికి చెయ్యి రాలేదు.

నీకీ మాటలు నేర్పుతున్నది గీతికేనా? పెట్టె దొరికితే పళ్ళెం మంచి బేరానికి పోతుందని ఎవరైనా చెప్పారా? అమ్ముకోవాలంటే అమ్ముకో. నాకు అందులోంచి ఏమీ వద్దు. కానీ నన్ను అబద్ధాలకోరుని చేయకు. ఫోటోలో ఏముందో నాకు తెలియదు. ఆ రోజు నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నాను.

నీకప్పుడు ఐదేళ్లు. నాకు పదమూడు. నీకు గుర్తులేనివి నాకు గుర్తున్నాయి, అది నా కర్మ. ఆ పళ్ళెం మన ఇంటికి మంచి చేయలేదు. అంతవరకే చెప్పగలను. నువ్వు రాసే ఉత్తరాలు చదివి చింపేస్తున్నాను. ఇలాంటి సంగతులు మీ బావగారి కంట పడకూడదు.

శ్యామసుందరి


సిడ్నీ,
6 జూన్ 1999

అక్కా,

నువ్వు చెప్పనిది బయటివాళ్లు చెప్పారు.

నిన్న నీ పేరున అర్చన చేయించడానికి హెలెన్స్‌బర్గ్ వెళ్లాం. ప్రసాదాల దగ్గర ఒక పెద్దాయన ఇంటిపేరు అడిగి నన్ను పట్టుకున్నారు. పేరు ఆనందరావు. విశాఖలో ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేశారట, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారు.

"నువ్వు ప్రసాదుగారబ్బాయివా! ఎంత మెతక మనిషయ్యా ఆయన! ఆ పళ్ళెం కేసులో ఇరుక్కుపోయేరు పాపం" అన్నారు.

"ఏం కేసు అంకుల్?" అన్నాను.

"నీకు తెలీదేటి? నైన్ మంత్స్ సస్పెన్షన్ బాబూ! ఆ ఏడు తుపానొచ్చింది, ఖనిజంలో తేమ ఎక్కువని రాసేరు. తేమెక్కువైతే ఆ బరువు కోసీసి డబ్బిస్తారు, కొనేవాడికి లాభం కదా. జపానోళ్ల దగ్గర గిఫ్టు తీసుకుని రాసీసేరని ఎవడో పిటిషన్ పెట్టేడు. ఇంటికొచ్చి వెతికితే ఏముంది, బియ్యం డ్రమ్ములో పళ్ళెం దొరికింది. తప్పు లేకపోతే బియ్యంలో దాచడమెందుకు, నువ్వే చెప్పు!"

ఆయన పులిహోర తింటూ ఎంత మామూలుగా చెప్పారో! నాన్నగారు రేవులో ఖనిజం పరీక్షించే లాబ్‌లో అంత కాలం పనిచేసీ ఎందుకు పైకి రాలేదో, ఆఫీసు మాటెత్తితే ఎందుకు లేచి వెళ్లిపోయేవారో నాకిప్పటిదాకా తెలియదు. ముప్పై నాలుగేళ్లవాణ్ణి, నాకు గుళ్లో ప్రసాదం దగ్గర తెలియాలా?

నువ్వూ అమ్మా కలిసి దాచారు. పెట్టె మీద ఏదో రాసి ఉంటుంది, అది బయటపడితే నాన్నగారు దోషి అవుతారని మీరే పొయ్యిలో పెట్టి ఉంటారు. అవునా కాదా? ఫోటో జిరాక్సు తీసి పంపుతున్నాను. చూసి చెప్పు.

చంద్రం


టూవూంబా,
20 జూన్ 1999

చంద్రానికి,

ఆనందరావుగారు చెప్పింది నిజమే. తొమ్మిది నెలలు నాన్నగారు ఇంట్లో కూర్చున్నారు. రుజువు చేయలేక మళ్లీ తీసుకున్నారు గానీ, కింది బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పోయేదాకా అక్కడే. నా పెళ్లప్పుడు ఈ సంగతి వియ్యాలవారికి తెలియకూడదని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఇరవై ఏళ్లయినా మీ బావగారికి నేను చెప్పలేదు. బియ్యం సంగతి నన్నడగకు.

జిరాక్సు చూశాను. మొదట నాకూ తెలియలేదు. ఆ పెట్టె పై అంచున చిన్న గుడ్డ కుచ్చు వేలాడుతోంది చూడు. అది దేవుడి గుడ్డ చంద్రం. అమ్మ ఎర్ర పట్టుగుడ్డ.

నేను లేచి వెళ్లి ఇక్కడ మా పూజగది ముందు నిలబడ్డాను. అమ్మ పోయాక విశాఖ నుంచి దేవుళ్లతో పాటు వాళ్ల పీటను కూడా తెచ్చుకున్నాను కదా. చిన్నప్పటి నుంచీ దాన్ని పీట అనే అనుకున్నాను. ముప్పై ఏళ్ల పసుపూ, కుంకుమా, నూనే కలిసి నల్లగా అయిపోయింది. దాని కింద ఏముందో ఎవరు చూస్తారు? దేవుళ్లని ఎవరు లేపుతారు?

హెలెన్స్‌బర్గ్ పూజారిగారికి ఫోన్ చేశాను. స్నానం చేసి, దీపం పెట్టి, దండం పెట్టుకుని కదపొచ్చన్నారు. అలాగే చేశాను. పట్టుగుడ్డ తీస్తే పీట కాదు, మూత ఉన్న పెట్టె. మూత తిరగేస్తే లోపలంతా తెల్లగా, నిన్న కొన్నట్టుంది. నల్ల సిరాతో నిలువునా రాత ఉంది.

పెట్టె లేదని నేను నీతో అబద్ధమాడలేదు. రోజూ దానికే దండం పెడుతున్నానని నాకు తెలియదు.

రాతని పల్చటి కాగితం మీద పెట్టి గీశాను. దీంతో పంపుతున్నాను. నాకు భయంగా ఉంది. నువ్వే చదివించు.

అక్క


సిడ్నీ,
11 జూలై 1999

అక్కా,

పెట్టె విషయంలో నిన్నన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా మనసు బాగాలేదు.

లైబ్రరీ పుస్తకం వెనక జపాన్ అంకెలున్నాయి. నువ్వు పంపిన కాగితంలో వరసగా "నాలుగు, పది, సంవత్సరం" అని గుర్తుపట్టాను. నలభై. అంటే 1940లో చేసిన పళ్ళెం. దానికి ముందున్న రెండక్షరాలు చేసినవాడి పేరై ఉంటాయి. తక్కినది నాకు రాలేదు.

ఆలోచించు. నాన్నగారి చేతికొచ్చేటప్పటికే అది పాతికేళ్లు దాటిన వస్తువు. ఎవరో యుద్ధమంతా విరగకుండా కాపాడుకున్నది. అలాంటిదాన్ని ఓడ మీద వచ్చే ఉద్యోగి లాబ్‌లో మనిషికి ఊరికే ఇస్తాడా? పైగా తప్పు లేని మనిషి బియ్యంలో ఎందుకు దాస్తాడు? ఆనందరావుగారు అడిగిందీ ఇదే.

రాయడానికి సిగ్గుగా ఉంది. నాకు నాన్నగారి మీదే అనుమానం మొదలైంది. రోజూ ఆఫీసుకెళ్లే ముందు ఆ పళ్ళెం కనిపిస్తే ముఖం తిప్పుకుంటున్నాను. నువ్వు దాన్ని నాకెందుకంత తొందరగా ఇచ్చేశావో ఇప్పుడర్థమైంది. ఏదైనా మ్యూజియానికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. నువ్వు సరే అంటే వచ్చే నెల ఇచ్చేస్తాను.

చంద్రం


టూవూంబా,
1 ఆగస్టు 1999

నా చిన్న తమ్ముడు చంద్రానికి,

ఇవ్వకు. ఎవరికీ ఇవ్వకు. ముందు ఇది చివరిదాకా చదువు.

నీ ఉత్తరం చదివి ఉండబట్టలేక మూత పట్టుకుని ఇక్కడి యూనివర్సిటీకి వెళ్లాను. పక్కనే జపాన్ తోట ఉంది కదా, మీరొచ్చినప్పుడు చేపలకి బ్రెడ్డు వేశామే, అక్కడికే. జపనీస్ చెప్పే నకానోగారని ఒకావిడ వచ్చారు. తోటలో బల్ల మీద కూర్చున్నాం. మూతని రెండు చేతులతో అందుకుని ముందు వాసన చూశారు. "టర్మరిక్?" అన్నారు. దేవుళ్ల కింద పెట్టామని చెప్పాను, తుడిచేయనా అని అడిగాను. తుడవద్దన్నారు, అదీ ఇప్పుడు ఈ పెట్టె చరిత్రేనన్నారు.

నువ్వు పేరనుకున్న ఆ రెండక్షరాలు పేరు కాదు. షోవా. వాళ్ల చక్రవర్తి కాలం. ఆయన పట్టానికొచ్చిన ఏడు ఒకటి అనుకుని లెక్కపెడతారట. షోవా నలభై అంటే 1965. నువ్వు పుట్టిన సంవత్సరం.

ఆవిడ చదువుతుంటే తెలుగులో రాసుకున్నాను. ఉన్నదున్నట్టు:

"షోవా నలభై, శరత్కాలం. సముద్రానికి అవతల విశాఖపట్నంలో ప్రసాద్ గారింట పుట్టిన మగబిడ్డకి. దేవదారు, వెదురు, ప్లమ్ పూలు. చలికాలంలో కూడా నిలిచేవి మూడూ కలిపి వేశాను. నా కొడుకు స్నేహితుడి కొడుకు నిండునూరేళ్లు బతకాలి. అరితాలో రంగులు వేసే మోరితా, డెబ్బై ఒకటో ఏట."

మోరితాగారి తండ్రి వేసిన పళ్ళెం చంద్రం. నీకోసం. ఆనందరావుగారు చెప్పిన ఆ తుపానుకి నాలుగేళ్ల ముందు.

ఇప్పుడు బియ్యం సంగతి. చెప్పకపోతే నేను మనిషిని కాను. దాచింది నాన్నగారు కాదు. నేను.

ఆఫీసువాళ్లు వస్తున్నారని పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి చెప్పింది. అమ్మ భయపడిపోయి "సుందరీ, ఆ పళ్ళెం తీసి బియ్యంలో పెట్టీవే!" అంది. చేతులు మోచేతుల దాకా పెట్టి లోపలికి తోశాను. నాన్నగారు వాళ్లతోనే వచ్చారు. ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది. "పళ్ళెం హాల్లో అద్దాల బీరువాలోనే ఉందండీ, మా అబ్బాయి పుట్టినప్పుడిచ్చారు, చూడండి" అని తనే తలుపు తీశారు. బీరువా ఖాళీ.

వాళ్లు ఇల్లంతా వెతికారు. బూట్లతో ఉన్నారని పూజగది గుమ్మం మాత్రం దాటలేదు. సాక్ష్యం అక్కడే, దేవుళ్ల కింద ఉంది. మూత లోపల ఏం రాసుందో నాన్నగారికీ తెలిసి ఉండదు. వంటింట్లో డ్రమ్ము బోర్లించారు. పళ్ళెం బయటపడినప్పుడు నాన్నగారు నా చేతుల వంక చూశారు. మోచేతుల దాకా బియ్యప్పిండి అంటుకుని ఉంది. ఒక్కసారి చూసి తల తిప్పుకున్నారు. ఆ తరవాత ఎవరడిగినా "తెలియక నేనే పెట్టాను" అన్నారు. పోయేదాకా నన్ను ఒక్కమాట అడగలేదు.

ఆ పళ్ళెం ఇంటికి ఎప్పుడొచ్చిందో నాకు గుర్తులేదు, అమ్మ దాచమంది కాబట్టి అది లంచమే అనుకున్నాను. కొడుకు పుట్టినప్పుడిచ్చారన్నది ఆయన అప్పటికప్పుడు కల్పించిన అబద్ధమనుకున్నాను. ముప్పై ఏళ్లు అలాగే అనుకున్నాను. నువ్వు ఆయనకి కొరివి పెడుతున్నప్పుడు కూడా.

నువ్వేమన్నా పడతాను.

సుందరక్క


టూవూంబా,
17 అక్టోబర్ 1999

చంద్రం,

రెండున్నర నెలలైంది. ఫోన్ చేస్తే గీతిక తీసి, నువ్వు ఆఫీసులో ఉన్నావంటుంది. నేనామెని ఆ రోజు అన్న మాటకి క్షమించమని అడిగాను, ఆ పిల్ల ఏడ్చింది.

మీ బావగారికి అంతా చెప్పేశాను. టీవీ కట్టేసి విన్నారు. "మీ నాన్నగారిది నాకు ప్రాబ్లమే కాదు సుందరీ. ట్వంటీ ఇయర్స్ కాపురం చేసి నన్ను నమ్మలేదు చూడు, దట్ హర్ట్స్" అన్నారు.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

అక్క


సిడ్నీ,
2 జనవరి 2000

సుందరక్కకి,

నమస్కారాలు. ఇక్కడ ఏమీ కాలేదు. బ్యాంకులు నడుస్తున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. రెండేళ్లు లోకమంతా ఎదురుచూసిన రోజు మామూలు శనివారంలా గడిచిపోయింది.

ఇన్నాళ్లు రాయలేదు. తీరిక లేదంటే అబద్ధం. నీ మీద కోపం. దాచినందుకు కాదు, పదమూడేళ్ల పిల్ల అమ్మ చెప్పింది చేయక ఏం చేస్తుంది? నాన్నగారు అబద్ధమాడారని అన్నేళ్లు నమ్మినందుకు. ఆయన ఎదురుగా తిరుగుతూ, ఆయనకి అన్నం వడ్డిస్తూ ఎలా నమ్మావని. చాలా ఉత్తరాలు మొదలెట్టాను, అన్నీ తిట్లతోనే నిండాయి. చింపేశాను.

నిన్న ఆఫీసులో నేను దిద్దిన తేదీలన్నీ ఒక్కొక్కటే సరిచూస్తూ కూర్చున్నాను. రెండంకెల సంవత్సరం కనబడితే, లెక్క ఎక్కడ మొదలైందో అడక్కుండా ముందు పందొమ్మిది తగిలించకూడదు. జీతం తీసుకుని అందరికీ చెప్పేది అదే కదా. నా చేతికి నలభై అన్న అంకె వస్తే నేను చేసింది సరిగ్గా అదే. ఆ తప్పు లెక్క పట్టుకుని, నేను పుట్టినందుకు ఒక ముసలాయన రంగులు వేసి ఇచ్చిన పళ్ళేన్ని లంచమన్నాను. నువ్వు నాన్నగారిని ముప్పై ఏళ్లు అనుమానించావు, నేను మూడు వారాలు. నాకు వయసుంది, చదువుంది, పుస్తకం చేతిలో ఉంది. నీకు ఒంటి నిండా భయం తప్ప ఏమీ లేదు. మనిద్దరిలో ఎవరికి ఎక్కువ సిగ్గుండాలో నాకు తెలిసింది.

ఆయన నీ చేతులు చూసి తల తిప్పుకున్నారన్నావు. అది కోపం కాదక్కా. వాళ్లు కూడా నీ చేతులు చూస్తారని భయపడి ఉంటారు. ఉద్యోగం పోయినా పరవాలేదు, నీ పేరు రాకూడదనుకున్నారు. నాకు ఏడుపొస్తోంది, ఇక దీని గురించి రాయలేను.

వచ్చే శనివారం గీతికా, నేనూ వస్తున్నాం. కారులోనే, పళ్ళేన్ని విమానం ఎక్కించడం నాకిష్టం లేదు. పెట్టెలోంచి దేవుళ్లని దింపకు. వాళ్లు అక్కడే ఉండనీ, ఇన్నేళ్లు కాపలా కాసింది వాళ్లే. మూతలో ఉన్న రాతకి ఫోటో తీయించి, నకానోగారు చెప్పినది కింద తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాద్దాం. ఒక కాపీ ఆనందరావుగారికి నేనే పట్టుకెళ్లి ఇస్తాను.

పళ్ళెం మాత్రం నీ ఇంట్లోనే ఉంటుంది. నా పేరున చేసింది కాబట్టి ఎక్కడుండాలో నేనే చెప్తాను. మీ హాల్లో గుమ్మానికి ఎదురుగా అద్దాల బీరువా ఉందిగా, అందులో పై అర ఖాళీ చేసి ఉంచు. నేను తెచ్చి ఇస్తాను గానీ, లోపల పెట్టేది నువ్వే. బావగారిని కూడా ఎదురుగా నిలబెట్టి, నీ చేత్తోనే పెట్టాలి.

నీ తమ్ముడు,
చంద్రం